తోటపాలెంలో అద్దెకిచ్చిన రెండు పోర్షన్ల ఇల్లు ఆన్‌లైన్‌లో అమ్మాలి – అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

రమణ_తోటపాలెం:
అందరికీ నమస్కారం. విజయనగరం తోటపాలెంలో మాకు 150 గజాల్లో ఒక ఇల్లు ఉంది. కింద ఒక పోర్షను, మేడ మీద ఒక పోర్షను. 2013 ఫిబ్రవరిలో అద్దెలొస్తాయనే కొన్నాం. రిజిస్ట్రేషన్ ఖర్చులతో కలిపి అప్పట్లో 22 లక్షలు అయింది. ఇప్పుడు కింద 9,500, పైన 8,500 వస్తోంది. కింద టీచరుగారి కుటుంబం చాలా ఏళ్లుగా ఉంటున్నారు, అద్దె ఏనాడూ ఐదో తారీఖు దాటలేదు. పైన కొత్తగా పెళ్లయిన జంట.

అమ్మాయి పై చదువుకి డబ్బు కావాలి, అందుకని అమ్మకానికి పెడుతున్నాం. మేం బెంగళూరులో ఉంటాం. మాటిమాటికీ సెలవు పెట్టి వచ్చి బ్రోకర్ల చుట్టూ తిరిగే వీలు లేదు. ఆన్‌లైన్‌లో పెట్టి అమ్మితే మన ఊళ్లో పని జరుగుతుందా? అద్దెకున్నవాళ్లతో సహా అమ్మొచ్చా, ముందే ఖాళీ చేయించాలా? 58 లక్షలు అడుగుదామనుకుంటున్నాం. టాక్సు సంగతి కూడా ఎవరైనా వివరంగా చెబితే మేలు చేసినవాళ్లవుతారు.

కోటజంక్షన్:
రమణగారూ, నా మాట మొహమాటం లేకుండా చెబుతాను. మన ఊళ్లో ఇల్లు కొనాలనుకున్న మనిషి ముందు అడిగేది బావమరిదిని, ఆఫీసులో పక్క సీటాయన్ని, ఆ వీధిలో కిరాణా కొట్టాయన్ని. సైటు తెరిచేది ఆ తర్వాతే. ఆన్‌లైన్‌లో పెట్టండి, తప్పులేదు. కానీ మీ వీధి తెలిసిన బ్రోకరు ఒకరికి కూడా చెప్పి ఉంచండి. కమీషను ఎంతో ముందే మాట్లాడుకుని, ‘పని అయితేనే’ అని వాట్సాప్‌లో రాయించుకోండి.

నాగావళి_శ్రీకాకుళం:
నేను కోటజంక్షన్ గారితో సగమే ఏకీభవిస్తాను. శ్రీకాకుళంలో మా ఫ్లాటు ఆన్‌లైన్ ద్వారానే అమ్మాను, అదీ అద్దెకున్న కుటుంబంతో సహా. కొన్నాయన హైదరాబాదులో ఉద్యోగి, సొంతూరు ఆమదాలవలస. ఊళ్లో ఉన్న బ్రోకరుకి అలాంటి మనిషి దొరకడు. బయట ఉండి సొంత జిల్లాలో ఒక ఆస్తి ఉండాలనుకునేవాళ్లు రాత్రి భోజనాలయ్యాక ఫోన్లో వెతుక్కుంటారు. వాళ్లకి అద్దెకున్నవాళ్లు ఉండటమే కావాలి, మర్నాటి నుంచి అద్దె వస్తుంది కదా.

నేను 99 ఏకర్స్, మ్యాజిక్ బ్రిక్స్, ఓఎల్ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ అన్నింట్లో పెట్టాను. పెద్ద సైట్ల నుంచి వచ్చిన ఫోన్లలో ఎక్కువ భాగం ఏజెంట్లవే. ‘మా దగ్గర కస్టమర్ రెడీగా ఉన్నాడు’ అంటారు, ఆ కస్టమరు కనిపించడు. అసలు కొనేవాళ్లు ఫేస్‌బుక్‌లో మన జిల్లా గ్రూపుల నుంచి వచ్చారు. డబ్బు కట్టే ప్యాకేజీ తీసుకోమని రోజూ ఫోన్లు వస్తాయి. ఉచితంగా పెట్టిన ప్రకటనకి కొన్ని వారాల్లో ఎలాంటి ఫోన్లు వస్తున్నాయో చూసి అప్పుడు ఆలోచించండి.

చంపావతి:
నేను దస్తావేజులు రాసే పనిలో ఉన్నాను. రమణగారూ, సైట్ల సంగతి తర్వాత, ముందు రిజిస్ట్రేషన్ శాఖ ఐజీఆర్ఎస్ సైటులోకి వెళ్లి ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపించే పత్రం) తీయండి. 1983 నుంచి ఉన్న లావాదేవీలు ఆన్‌లైన్‌లోనే కనిపిస్తాయి. మీరు కొనేటప్పుడు లోను తీసుకుని ఉంటే తనఖా ఎంట్రీ ఉందేమో చూడండి. అప్పు తీరిపోయినా, తనఖా రద్దు పత్రం రిజిస్టరు అయ్యేదాకా అది ఈసీలో అలాగే కూర్చుంటుంది. కొనేవాళ్ల లాయరు మొదట పట్టుకునేది దాన్నే. అలాగే రిజిస్ట్రేషన్ కుదరని నిషేధిత ఆస్తుల జాబితా, అదే 22ఏ లిస్టు, అందులో మీ సర్వే నంబరు లేదని కూడా చూసి పెట్టుకోండి.

ఇంకోటి. దస్తావేజులో రాసిన కొలతలు, నేల మీద ఉన్న కొలతలు టేపు పట్టి సరిచూడండి. తూర్పు హద్దు పక్క ఇంటాయన పేరు 2013లో ఒకటి, ఇప్పుడు ఇంకొకటి అయి ఉండొచ్చు. హద్దుదారుల పేర్లు మారినా ఫర్వాలేదు, కొలత తేడా వస్తేనే బేరం ఆగిపోతుంది.

రమణ_తోటపాలెం:
చాలా థాంక్స్ మాస్టారూ. ఈసీ తీశాను. మీరన్నట్టే తనఖా ఎంట్రీ ఉంది. లోను తీరిపోయి ఒరిజినల్స్ మా చేతికి వచ్చేశాయి. ఇప్పుడేం చేయాలి? ప్లాను మాత్రం ఉంది, కింద, పైన రెండు అంతస్తులకీ అనుమతి ఉన్నదే. లేఅవుటు పాత వుడా (విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ) అప్రూవల్.

సాలూరు_మాజీ_బ్యాంకు:
రమణగారూ, లోను ఇచ్చిన బ్రాంచికి రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి. రద్దు పత్రం మీద బ్యాంకు అధికారి సంతకం పెట్టి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు చేయించాలి. మామూలు పనే, కాకపోతే ఆ అధికారికి తీరిక దొరికే రోజు కోసం వెంటపడాలి. కొనేవాడు దొరికాక మొదలుపెడితే ఆ కంగారులో బేరం చల్లారిపోతుంది, కాబట్టి ఇప్పుడే కానిచ్చేయండి.

ఇది చదివే మిగతావాళ్లకి ఒక మాట. లోను పూర్తిగా తీరిన 30 రోజుల్లోపు ఒరిజినల్ కాగితాలు తిరిగివ్వాలని రిజర్వ్ బ్యాంకు నియమం పెట్టింది, 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 చొప్పున మనకి ఇవ్వాలి. అడగడానికి మొహమాటపడకండి.

వుడా లేఅవుటు, రెండు అంతస్తులకీ ప్లాను అన్నారు చూడండి, మీ ప్రకటనలో మొదటి వాక్యం అదే ఉండాలి. పంచాయతీ అప్రూవల్ అని చెప్పుకునే స్థలాల్లో కట్టిన ఇళ్లకి చాలా బ్యాంకులు లోను దగ్గర వెనకాడతాయి. లోను వచ్చే ఇల్లయితేనే ఉద్యోగస్తులు ముందుకొస్తారు.

అద్దింటి_లక్ష్మి:
నేను అద్దెకుండే మనిషిని, బాలాజీ నగర్‌లో. రమణగారూ, మీ టీచరుగారి కుటుంబానికి ఈ విషయం మీ నోటితోనే ముందు చెప్పారా? మేం ఇంతకు ముందున్న ఇల్లు అమ్మకానికి పెట్టిన సంగతి మాకు తెలిసింది ఎవరో తలుపు కొట్టి ‘ఇల్లు చూడ్డానికి వచ్చామండి’ అన్నప్పుడు. ఆదివారం మధ్యాహ్నం, పిల్లాడికి జ్వరం, వంటింట్లో గిన్నెలు తోమకుండా ఉన్నాయి. వచ్చినవాళ్లు చెప్పులతోనే దేవుడి గది దాకా వెళ్లి ఫోన్లో వీడియో తీసుకున్నారు. ఆ వీడియో తర్వాత ఎవరెవరి ఫోన్లలో తిరిగిందో.

ఆస్తి మీది, అమ్ముకునే హక్కు మీది. కానీ అందులో ఉన్న సంసారం మాది. ముందు చెప్పండి, చూడ్డానికి వచ్చేవాళ్లకి వారంలో ఒక రోజు, ఒక వేళ పెట్టండి. ఆ రోజుకి మేమే ఇల్లు సర్ది, లైట్లు వేసి, నీళ్లు ఏ వేళకి వస్తాయో కూడా చెబుతాం. ఇంట్లో ఉన్నవాళ్లు ‘ఇల్లు బాగుంటుందండి, గాలీ వెలుతురూ ఉంటాయి’ అంటే దానికి మించిన ప్రకటన ఏముంది?

కోటజంక్షన్:
లక్ష్మమ్మా, మీరు చెప్పింది అక్షరాలా నిజం. కొనడానికి వచ్చిన ఆడవాళ్లు పక్కకి పిలిచి అడిగేది అద్దెకున్నవాళ్లనే. ‘బోరు ఎండాకాలం ఎండుతుందా, వానొస్తే వీధిలో నీళ్లు నిలుస్తాయా’ అని.

రమణ_తోటపాలెం:
లక్ష్మిగారూ, మీ పోస్టు చదివాక రాత్రే టీచరుగారికి ఫోన్ చేసి మాట్లాడాను. బాబు పదో తరగతి అట, మార్చి పరీక్షలయ్యేదాకా కదిలించొద్దని అడిగారు. అలాగేనని మాటిచ్చాను. పైనవాళ్లు మాత్రం ఎప్పుడైనా సరే, నెల ముందు చెబితే చాలన్నారు. చట్టం ప్రకారం కొన్నవాళ్లు వచ్చి వెంటనే ఖాళీ చేయమంటే?

చంపావతి:
ఇల్లు చేతులు మారినంత మాత్రాన అద్దె ఒప్పందం రద్దయిపోదు. ఆస్తి బదిలీ చట్టం 1882 నాటిది, దాని ప్రకారం కొన్నవాళ్లు మీ స్థానంలోకి వస్తారు, అంతే. నెలనెలా అద్దెకి ఉన్నవాళ్లని ఖాళీ చేయమనాలంటే 15 రోజుల నోటీసు ఇవ్వాలి. మీరు మార్చిదాకా అని మాటిచ్చారు కాబట్టి ఆ మాటని కాగితం మీద పెట్టండి, కొనేవాళ్లకి మొదటి రోజే చూపించండి. రెండు నెలల అద్దె అడ్వాన్సు తీసుకుని ఉంటే అది కొన్నవాళ్లకి అప్పగించినట్టు రాసుకోవాలి. లేకపోతే రేపు టీచరుగారు ఖాళీ చేసేటప్పుడు ఆ డబ్బు ఎవరిని అడగాలో తెలియక ఇబ్బంది పడతారు.

రాజాం_కుర్రాడు:
ఫొటోల గురించి నేను చెబుతాను అన్నా. ఉదయం తొమ్మిది లోపు తీయించండి, తూర్పు ముఖం ఇల్లయితే అప్పుడు ముందు భాగం బాగా వస్తుంది. ఫోన్ అడ్డంగా పట్టుకుని గది మూల నుంచి తీయాలి. వీధి, గుమ్మం, మెట్లు, బోరు, సంపు, రెండు కరెంటు మీటర్లు, మేడ పైకప్పు, అన్నీ ఉండాలి. పైకప్పు ఫొటో పెట్టినవాళ్లు తక్కువ, కానీ దూరం నుంచి చూసేవాడికి స్లాబు కారుతుందా లేదా అన్నదే పెద్ద అనుమానం. అద్దెకున్నవాళ్ల పిల్లల ఫొటోలు, గోడ మీద ఫ్యామిలీ ఫొటోలు, పూజ గది ఫ్రేములో పడకుండా చూడండి. చిన్న గోడ పగులుంటే దాన్ని కూడా పెట్టేయండి, వచ్చాక చూసి మొహం మాడ్చుకునే పని ఉండదు.

ప్రకటనలో రాసేటప్పుడు ‘ప్రైమ్ లొకేషన్’ లాంటి మాటలు వద్దు. ఆర్టీసీ కాంప్లెక్సుకి ఎంత దూరం, స్టేషన్‌కి ఎంత దూరం, ముందు రోడ్డు ఎన్ని అడుగులు, కుళాయి ఏ పూట వస్తుంది, అద్దె ఎంత వస్తోంది, ఇవి రాయండి. దస్తావేజు మొత్తం స్కాన్ చేసి సైటులో అస్సలు పెట్టొద్దు. అందులో మీ సంతకాలు, వేలిముద్రలు, ఆధార్ అన్నీ ఉంటాయి. గట్టిగా ఆసక్తి చూపించినవాళ్లకి మాత్రం, మీద అడ్డంగా ‘పరిశీలనకు మాత్రమే’ అని రాసిన కాపీ పంపండి. ఆధార్ అడిగితే మొదటి ఎనిమిది అంకెలు కనపడనిది ఇవ్వండి.

నాగావళి_శ్రీకాకుళం:
మోసాల సంగతి కూడా చెప్పాలి. ప్రకటన పెట్టిన రోజే ఒకడు ఫోన్ చేశాడు. తాను ఆర్మీలో పనిచేస్తున్నానని, ఇల్లు ఫొటోల్లో చూడగానే నచ్చేసిందని, టోకెన్ అడ్వాన్సు ఇప్పుడే పంపుతానని హిందీలో గడగడా చెప్పాడు. బేరం ఆడలేదు, హద్దులు అడగలేదు, ఈసీ అడగలేదు. ఒక క్యూఆర్ కోడ్ పంపి ‘స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు మీకు పడుతుంది’ అన్నాడు. ఫోన్ పెట్టేసి నంబరు బ్లాక్ చేశాను. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పిన్ కొట్టామంటే మన ఖాతాలోంచి పోతుంది. ఇంట్లో పెద్దవాళ్ల నంబరు ప్రకటనలో పెట్టకండి, వాళ్లని ఇట్టే నమ్మిస్తారు. ఎవరికైనా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

గోస్తని_విశాఖ:
కొనే వైపు నుంచి నా మాట. మేం విశాఖలో ఉంటాం, విజయనగరంలో అద్దెలొచ్చే ఇల్లు ఒకటి చూస్తున్నాం. విశాఖలో ఈ డబ్బుకి మాకు సొంత స్థలంతో ఇల్లు రాదు. రమణగారి లెక్క చూస్తే నెలకి 18,000, ఏడాదికి 2,16,000. అడుగుతున్న 58 లక్షల మీద నూటికి మూడున్నర పైచిలుకు. అందులోంచి ఇంటి పన్ను, రిపేర్లు, ఒకటీ అరా ఖాళీ నెలలు తీసేయాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్ ఇంతకంటే ఎక్కువ ఇస్తుంది. మరి ఎందుకు కొంటాం? స్థలం విలువ పెరుగుతుందని. అంటే మేం చూసేది గజం రేటు, కాగితాల శుభ్రత. అద్దె చూసి 58 పెట్టలేం.

కోటజంక్షన్:
అక్కడికే వస్తున్నాను. సైట్లలో కనిపించేవి అడిగే ధరలు, ఇచ్చిన ధరలు కావు. భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి అందరూ రేట్లు పెంచి పెడుతున్నారు. భోగాపురం చుట్టుపక్కల ఖాళీ స్థలం రేటు వేరు, ఊరి మధ్యలో ఉన్న పాత ఇంటి రేటు వేరు. రమణగారి వీధిలో గజం 25 వేలు అనుకుందాం. 150 గజాలకి స్థలమే 37.5 లక్షలు. రెండు అంతస్తులు కలిపి 1,700 చదరపు అడుగులుంటే, మిగతా 20.5 లక్షలు అంటే అడుగుకి 1,200 చొప్పున పడుతుంది. పాత కట్టడానికి కొనేవాడు అంత ఇవ్వడానికి గింజుకుంటాడు. ప్రకటనలో 58 పెట్టండి, 55 దగ్గర తెగుతుందని మనసులో అనుకోండి. 65 పెట్టి నెలల తరబడి తగ్గించుకుంటూ వస్తే, ఆ ఇంటికేదో తిరకాసుందని ఊరంతా అనుకుంటారు.

చంపావతి:
చుట్టుపక్కల ఏ ధరకి రాశారో కూడా చూడొచ్చు. పక్క ఇళ్ల డోరు నంబర్లతో ఈసీ తీస్తే దస్తావేజులో రాసిన విలువ కనిపిస్తుంది. కొందరు అసలు ధర కంటే తక్కువ రాయిస్తారు, అందుకని దాన్ని కనీస ధరగా తీసుకోవాలి. ప్రభుత్వ మార్కెట్ విలువ కూడా అదే సైటులో దొరుకుతుంది.

సాలూరు_మాజీ_బ్యాంకు:
కొనేవాళ్ల జేబు లెక్క కూడా వేద్దాం, బేరం అక్కడే తెగుతుంది. 30 నుంచి 75 లక్షల మధ్య గృహరుణానికి ఇంటి విలువలో 80 శాతం దాటి ఇవ్వకూడదు. 55 లక్షల ఇంటికి గరిష్ఠంగా 44 లక్షలు. బ్యాంకు పంపే వాల్యుయేటరు పాత కట్టడమని తక్కువ వేస్తే అదీ తగ్గుతుంది. మిగతా 11 లక్షలు చేతిలో ఉండాలి. దానిపైన స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం, అంటే 4,12,500. దీనికి లోను రాదు. వెరసి 15 లక్షల పైచిలుకు నగదు ఉన్నవాళ్లే మీ ఇంటికి నిజమైన కొనుగోలుదారులు. ఫోన్ చేసినవాళ్లని మర్యాదగానే మొదట ఇది అడగండి: ‘లోను తీసుకుంటున్నారా అండి, బ్యాంకుతో మాట్లాడారా?’

డాలస్_గరివిడి:
మాది గరివిడి, అమెరికాలో ఉంటున్నాం. మాకూ విజయనగరం కంటోన్మెంటులో అద్దెకిచ్చిన ఇల్లు ఉంది. టాక్సు గురించి చెప్పేవాళ్లు ఎన్నారైలది కూడా ఒక ముక్క చెప్పండి.

ఆడిటర్_బొబ్బిలి:
ముందు రమణగారిది. రెండేళ్లు దాటి ఉంచుకున్న ఇల్లు కాబట్టి అమ్మితే వచ్చే లాభం దీర్ఘకాల మూలధన లాభం. 2024 జులై 23కి ముందు కొన్న ఆస్తికి, ఇక్కడే నివసించేవాళ్లకి రెండు దారులున్నాయి. సూచీ (ధరల పెరుగుదల మేరకు కొన్న ధరని పెంచి చూపే ప్రభుత్వ అంకె) లేకుండా 12.5 శాతం, లేదా సూచీతో 20 శాతం. ఏది తక్కువైతే అది.

55 లక్షలకి 2025-26 ఆర్థిక సంవత్సరంలో అమ్మారనుకోండి. సూచీ లేకుండా లాభం 33 లక్షలు. పన్ను 4,12,500, దానిపై 4 శాతం సెస్సు కలిపి 4,29,000. సూచీతో చూస్తే, 2012-13 సూచీ 200, 2025-26 సూచీ 376. మీ 22 లక్షలు 41.36 లక్షలవుతుంది. లాభం 13.64 లక్షలు, పన్ను 2,72,800, సెస్సుతో 2,83,712. దాదాపు లక్షన్నర తేడా. కొన్న తర్వాత పెద్ద పని ఏదైనా చేయించి బిల్లులుంటే, ఇప్పుడు బ్రోకరుకి కమీషను ఇస్తే, అవీ తగ్గుతాయి.

పన్నే లేకుండా చేసుకోవాలంటే మళ్లీ ఇల్లు కొనాలి, లేదా ఆరు నెలల్లోపు నిర్దేశిత బాండ్లలో పెట్టి ఐదేళ్లు ఆగాలి. అమ్మాయి చదువుకి ఇప్పుడే డబ్బు కావాలన్నారు కాబట్టి ఆ రెండూ మీకు పనికిరావు. పన్ను కట్టేసి నిశ్చింతగా ఉండండి.

ధర 50 లక్షలు, ఆపైన అయితే కొనేవాళ్లు ధరలోంచి 1 శాతం టీడీఎస్, అంటే మీ తరఫున ముందస్తు పన్ను, పట్టుకుని కట్టాలి. మీకు 55,000 తగ్గించి ఇస్తారు, రిటర్ను వేసేటప్పుడు అది మీ లెక్కలో జమ అవుతుంది. మీరూ మీ ఆవిడా ఇద్దరి పేరునా ఉంటే ఎవరి వాటా వారికి విడిగా చూపించాలి.

డాలస్ గారూ, మీ లెక్క వేరు. సూచీతో 20 శాతం దారి ఎన్నారైలకి లేదు. కొనేవాళ్లు పట్టుకునేది 1 శాతం కాదు, దీర్ఘకాల లాభానికి ఉన్న 12.5 శాతం, సర్‌చార్జీ, సెస్సు. అదీ చాలాసార్లు లాభం మీద కాకుండా మొత్తం ధర మీద పట్టేస్తారు. ముందే ఆదాయపు పన్ను శాఖకి అర్జీ పెట్టి తక్కువ కోతకి సర్టిఫికెట్ తెచ్చుకుంటే డబ్బు ఇరుక్కోదు. బేరం కుదరక ముందే ఆడిటరుతో మాట్లాడండి.

కోటజంక్షన్:
ఆడిటర్ గారూ, ఒకటి అడుగుతాను. కొందరు ‘దస్తావేజులో 40 రాద్దాం, మిగతాది చేతికిస్తాం’ అంటారు. రమణగారికి కూడా ఈ మాట తప్పకుండా వస్తుంది.

ఆడిటర్_బొబ్బిలి:
ఒప్పుకోవద్దు. ఇల్లు అమ్మే విషయంలో 20,000, అంతకు మించి నగదు తీసుకోవడానికి వీల్లేదు, తీసుకుంటే అంతకి అంతా జరిమానా పడుతుంది. ప్రభుత్వ విలువ రాసిన ధర కంటే 10 శాతానికి మించి ఎక్కువ ఉంటే, పన్ను ప్రభుత్వ విలువ మీదే వేస్తారు. పైగా చేతికొచ్చిన డబ్బుతో కాలేజీ ఫీజు ఎలా కడతారు, విదేశీ చదువైతే ఎలా పంపుతారు? తెల్ల డబ్బుకే ఈ అవసరం తీరుతుంది. తక్కువ రాస్తే కొనేవాళ్లకి లోను కూడా తగ్గుతుంది, ఆ మాట వాళ్లకి చెబితే చాలామంది ఆగిపోతారు.

రమణ_తోటపాలెం:
అందరికీ అప్‌డేట్. బ్యాంకు రద్దు పత్రం రిజిస్టరు అయింది, కొత్త ఈసీలో కనిపిస్తోంది. రాజాం తమ్ముడు చెప్పినట్టే ఫొటోలు టీచరుగారి అబ్బాయితో తీయించాను, మేడ పైకప్పు, వెనక గోడ పగులుతో సహా. మూడు సైట్లలోనూ, రెండు ఫేస్‌బుక్ గ్రూపుల్లోనూ 58కి పెట్టాను. శనివారం నాలుగు నుంచి ఆరు దాకా మాత్రమే చూడ్డానికి రావాలని ప్రకటనలోనే రాశాను. క్యూఆర్ కోడ్ మనిషి నాకూ ఫోన్ చేశాడు, నాగావళిగారూ, అచ్చం మీరు చెప్పిన మాటలే.

టీచరుగారిని కూడా అడిగాను, మీరే తీసుకుంటారా అని. ఆయనకి ఇష్టమే గానీ ఇప్పటికే ఒక లోను నడుస్తోందట. ఆయనే స్కూల్లో వాళ్లందరికీ చెప్పారు.

నాగావళి_శ్రీకాకుళం:
మంచి పని. ఇంకోటి చూడండి, ఇప్పుడు మూఢం, పుష్యమాసం చూసేవాళ్లు అడ్వాన్సు ఇవ్వడానికి వెనకాడతారు. దాన్ని చూసి కంగారుపడి ధర తగ్గించొద్దు. సంక్రాంతికి బయట ఊళ్ల నుంచి అందరూ దిగుతారు, చూడ్డానికి అదే మంచి సమయం. పండగ వారంలో మీరు ఊళ్లో ఉండేలా చూసుకోండి.

రమణ_తోటపాలెం:
మీ మాట నిజమైంది నాగావళిగారూ. పండగకి వచ్చి నేనే దగ్గరుండి చూపించాను. ఫేస్‌బుక్ గ్రూపులో చూసి వచ్చిన ఒక కుటుంబం, భర్త విశాఖలో ఉద్యోగం, అత్తవారిది నెల్లిమర్ల. 54.5 లక్షలకి మాట కుదిరింది. వాళ్లు కింద పోర్షనులోకి తల్లిదండ్రుల్ని తెచ్చుకోవాలనుకుంటున్నారు, పైన అద్దెకే ఉంచుతారట. మార్చి పరీక్షల సంగతి మొదటి రోజే చెప్పాను. ఆవిడ టీచరుగారి భార్యతో మాట్లాడి, ఏప్రిల్ నెలాఖరుకి ఖాళీ చేస్తే చాలన్నారు. ఎయిర్‌పోర్టు పేరు చెప్పి 60 పైన ఆశపెట్టిన ఒక ఏజెంటు మళ్లీ ఫోన్ ఎత్తలేదు. ఇప్పుడు అగ్రిమెంటు. అందులో ఏమేం ఉండాలి మాస్టారూ?

చంపావతి:
శుభం. ధర, అడ్వాన్సు ఎంత, ఏ బ్యాంకు ద్వారా వచ్చింది, మిగతాది ఏ తేదీలోపు, ఆ గడువులో వాళ్లు కట్టలేకపోతే ఏమిటి, మీరు వెనక్కి తగ్గితే ఏమిటి, ఇవి స్పష్టంగా ఉండాలి. వాళ్ల లోను మంజూరు కాకపోతే అడ్వాన్సు తిరిగివ్వాలా లేదా అన్నది ఇప్పుడే తేల్చుకోండి. గొడవలు ఎక్కువగా వచ్చేది అక్కడే. టీచరుగారు ఏప్రిల్ నెలాఖరుదాకా ఉంటారని, పైనవాళ్లు అద్దెకి కొనసాగుతారని, అడ్వాన్సులు ఎవరి చేతికి మారుతున్నాయో, అన్నీ ఒక పేరాగా రాయించండి. ఒరిజినల్ దస్తావేజులు రిజిస్ట్రేషన్ రోజుదాకా మీ దగ్గరే ఉండాలి, లాయరుకి చూపించడానికి కాపీలు చాలు. లోను కోసం బ్యాంకువాళ్లు ఒరిజినల్స్ చూడాలంటే మీరే వెంట తీసుకెళ్లి చూపించి తెచ్చుకోండి.

సాలూరు_మాజీ_బ్యాంకు:
లోను ఉంది కాబట్టి పెద్ద మొత్తం బ్యాంకు చెక్కు రూపంలో రిజిస్ట్రేషన్ రోజునే వస్తుంది. వాళ్ల సొంత వాటా మాత్రం సంతకం పెట్టక ముందే మీ ఖాతాలో పడాలి. పడినట్టు ఖాతా తెరిచి చూసుకున్నాకే వేలిముద్ర వేయండి.

చంపావతి:
ఆన్‌లైన్‌లో స్లాటు బుక్ చేసుకుంటే ఆఫీసులో నిరీక్షణ తగ్గుతుంది. మీ ఇద్దరి పేరునా ఉంటే ఇద్దరూ రావాలి, పాన్, ఆధార్ ఒరిజినల్స్ తెచ్చుకోండి. రిజిస్ట్రేషన్ అయ్యాక ఇంటి పన్ను పేరు మార్పుకి, కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌లో రెండు మీటర్ల పేరు మార్పుకి కావలసిన సంతకాలు ఆ రోజే పెట్టేయండి, మళ్లీ బెంగళూరు నుంచి రానక్కర్లేదు. ఆ రోజు వరకూ ఉన్న కరెంటు బిల్లులు, పన్ను బాకీ లేకుండా కట్టిన రసీదులు వాళ్లకివ్వండి.

రమణ_తోటపాలెం:
అలాగే మాస్టారూ. అద్దెకున్నవాళ్లకి విడిగా ఏమైనా ఇవ్వాలా?

చంపావతి:
ఒక ఉత్తరం. ‘ఫలానా తేదీ నుంచి ఇంటి యజమానులు వీరు, అద్దె వీరికి ఇవ్వగలరు, మీ అడ్వాన్సు సొమ్ము వీరికి అప్పగించాం’ అని మీరూ కొన్నవాళ్లూ కలిసి సంతకం పెట్టి రెండు పోర్షన్లకీ చెరొకటి ఇవ్వండి. కాపీ మీద వాళ్ల సంతకం తీసుకోండి. నమూనా మీకు మెసేజ్ చేస్తున్నాను.

అద్దింటి_లక్ష్మి:
ఆ నమూనా ఇక్కడే పెట్టండి మాస్టారూ, మా ఇంటాయనకి కూడా చూపిస్తాను.